ఏఎస్ 400 సోర్స్‌కి వెర్షన్ కంట్రోల్: మెంబర్ కాపీలు చాలా, టూల్ కొనాలా, గిట్‌కి వెళ్లాలా?

భీమవరం, తణుకు, కాకినాడ, అమలాపురం వైపు నుంచి ఏఎస్ 400 అనే ఐబీఎం బిజినెస్ కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు బానే ఉన్నారండి. హైదరాబాదో చెన్నైయో కంపెనీ ఉంటుంది, మనిషి మాత్రం ఇంట్లోనే కూర్చుని ఎక్కడో అమెరికా, యూరప్ క్లయింట్ల ఇన్వాయిస్ ప్రోగ్రాములు చూసుకుంటుంటారు. వాళ్లతో మాటల్లో పడితే ఈమధ్య తరచూ వచ్చే ప్రశ్న ఇది: "మన సోర్స్‌ని గిట్‌లో పెట్టొచ్చా, పెడితే ఏం ఒరుగుతుంది, ఇన్నాళ్లూ లేకుండానే నడిచింది కదా" అని. సోర్స్ అంటే మనం రాసే ప్రోగ్రాం టెక్స్ట్, గిట్ అంటే దాంట్లో ప్రతి మార్పునీ చరిత్రగా దాచిపెట్టే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. దానికి అందరికీ సరిపోయే జవాబు లేదు గానీ ఎలా ఎంచుకోవాలో మాత్రం చెప్పొచ్చు, అందుకే ఇది రాస్తున్నా.

నా లెక్క ముందే చెప్పేస్తా. ప్రొడక్షన్‌లో, అంటే అసలు వ్యాపారం నడిచే సిస్టమ్‌లో, ఈ నిమిషం నడుస్తున్న ఆబ్జెక్ట్ (సోర్స్‌ని కంపైల్ చేస్తే వచ్చే, మెషీన్ వాడే రూపం) ఏ సోర్స్ నుంచి తయారైంది అని ఎవరైనా అడిగితే, ఏ పద్ధతిలో మీరు తడుముకోకుండా చూపించగలరో అదే మీకు సరైన పద్ధతి. బ్రాంచులు (ఒకే సోర్స్ మీద విడిగా నడిచే పని దారులు), మెర్జులు (వాటిని మళ్లీ కలపడం), అందమైన స్క్రీన్లు అన్నీ దాని తర్వాతే.

1988లో ఏఎస్ 400గా వచ్చిన ఈ మెషీన్ 2000లో ఐసిరీస్, 2006లో సిస్టమ్ ఐ అయ్యి, 2008 నుంచి పవర్ సర్వర్ల మీద నడిచే ఐబీఎం ఐ అయింది. మనమంతా ఇంకా ఏఎస్ 400 అనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తా.

## ముందు ఏం చూసుకోవాలి

వేరే ప్లాట్‌ఫామ్ వాళ్లకి సోర్స్ అంటే ఫోల్డర్లో ఒక ఫైల్. మనకేమో సోర్స్ ఫిజికల్ ఫైల్లో మెంబర్, అంటే డేటాబేస్ ఫైల్లో వరసలు, ఒక్కో వరసకీ సీక్వెన్స్ నంబరు, ఆ లైను ఎప్పుడు మారిందో తేదీ, ఆ తర్వాత అసలు టెక్స్ట్. పేరు పది అక్షరాలు దాటకూడదు. కంపైల్ చేస్తే ఆబ్జెక్ట్ ఒక లైబ్రరీలో, అంటే ఈ మెషీన్‌లో ఫోల్డర్ లాంటిదాంట్లో పడుతుంది, అక్కణ్నుంచి దాన్ని ప్రొడక్షన్ లైబ్రరీకి తీసుకెళ్తారు, వెనకాల సోర్స్ కూడా వెళ్లిందా లేదా అన్నది ఆ రోజు ఎవరు చేశారు, వాళ్లకి ఎంత తొందరుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. జావా వాళ్ల కోసం రాసిన సలహాలు మనకి నేరుగా పనికిరానిది ఇందుకే.

ఆబ్జెక్టుకీ సోర్స్‌కీ ఉన్న ముడి. ఇది మీ సిస్టమ్‌లో ఇప్పుడే చూసుకోవచ్చండి. డీఎస్పీపీజీఎం కమాండ్‌లో మాడ్యూల్ డీటెయిల్ అడిగి, మాడ్యూల్ పక్కన 5 కొడితే, అది ఏ లైబ్రరీలోని ఏ ఫైల్, ఏ మెంబర్ నుంచి కంపైల్ అయిందో, అప్పటికి ఆ మెంబర్ చివరిసారి ఎప్పుడు మారిందో తేదీ, టైముతో కనిపిస్తుంది. డేటాబేస్ ఫైళ్లకీ ఓపీఎం అనే పాత రకం ప్రోగ్రాములకీ అయితే డీఎస్పీఓబీజేడీలో సర్వీస్ డీటెయిల్ అడగాలి. అక్కడున్న తేదీ, ఇప్పుడు మెంబర్ మీదున్న తేదీ ఒకటే అయితే సంతోషం. మెంబర్ తేదీ దానికంటే కొత్తదైతే, కంపైల్ అయ్యాక ఎవరో తెరిచి మార్చారన్నమాట. కొన్నిసార్లు చూపించిన లైబ్రరీయే సిస్టమ్‌లో ఉండదు, ఎప్పుడో కంపెనీ వదిలేసి వెళ్లినాయన సొంత లైబ్రరీ అయ్యుంటుంది. నెలాఖరులో నడిచే ముఖ్యమైన ప్రోగ్రాములు కొన్ని తీసుకుని ఈ చెక్ చేయండి, మీకు ఏ పద్ధతి కావాలో సగం అక్కడే తేలుతుంది.

ఒకే ప్రోగ్రాం మీద ఇద్దరు. ఎస్ఈయూ అనే సోర్స్ ఎడిటర్లో ఒకరు మెంబర్ ఎడిట్‌కి తెరిస్తే రెండో వాళ్లకి వాడుకలో ఉందని వస్తుంది, అది మంచిదే. కష్టమెక్కడంటే, ఒకరు రెండు నెలల ప్రాజెక్ట్ కోసం ఆ మెంబర్‌ని తమ లైబ్రరీలోకి కాపీ చేసుకుని పనిలో ఉంటారు, మధ్యలో ప్రొడక్షన్‌లో ఏదో పడిపోతే ఇంకొకరు అసలు మెంబర్లో అర్జెంటుగా ఫిక్స్ పెడతారు, రెండు నెలల తర్వాత ప్రాజెక్ట్ లైవ్‌కి వెళ్లిన రోజున ఆ ఫిక్స్ ఎగిరిపోతుంది. మెంబర్ల జాబితా చూపించే పీడీఎం స్క్రీన్‌లో 54 ఆప్షన్ కొట్టి రెండు మెంబర్లూ పోల్చుకుంటే తెలుస్తుంది గానీ, పోల్చుకోవాలని ఎవరికో గుర్తు రావాలి కదా.

డీడీఎస్, డేటాబేస్ ఫైళ్లు. డీడీఎస్ అంటే ఫైళ్లు, స్క్రీన్లు ఎలా ఉండాలో రాసే సోర్స్. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలండి, ఎందుకంటే వెర్షన్ కంట్రోల్ పెట్టాక కూడా ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఆర్పీజీ (ఈ మెషీన్ ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాం పాత వెర్షన్ తెచ్చి కంపైల్ చేస్తే పాత ప్రోగ్రాం వచ్చేస్తుంది, పని అయిపోయింది. అసలు డేటా ఉండే ఫిజికల్ ఫైల్ డీడీఎస్ పాతది తెస్తే ఏమవుతుంది? ఫైల్లో ఉన్న డేటా వెనక్కి వెళ్లదు. కొత్తగా చేర్చిన ఫీల్డులో ఈ నెలంతా పడిన డేటా ఏం చేయాలో ఏ టూలూ మీ తరఫున నిర్ణయించదు. పైగా రికార్డ్ ఫార్మాట్ మారితే దాని లెవెల్ ఐడెంటిఫయర్ (ఆ ఫార్మాట్‌కి సిస్టమ్ ఇచ్చే గుర్తు) మారుతుంది, దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ చేయకపోతే రన్ టైములో సీపీఎఫ్ 4131 లెవెల్ చెక్ వచ్చి జాబ్ ఆగిపోతుంది. చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఉన్న సర్వీస్ ప్రోగ్రాంలోనూ ఇదే కథ, బైండర్ సోర్స్‌లో సిగ్నేచర్ (అది బయటికిచ్చే వాటి గుర్తు) మారితే దానికి బైండ్ అయిన ప్రోగ్రాములు ఎంసీహెచ్ 4431తో పడిపోతాయి. అంటే మీరు ఎంచుకునే పద్ధతి టెక్స్ట్ దాచుకుంటే సరిపోదు, ముందు ఫిజికల్, తర్వాత లాజికల్ (దాని మీద వ్యూ), తర్వాత డిస్‌ప్లే ఫైల్ (స్క్రీన్), ఆఖర్న ప్రోగ్రాం అనే కంపైల్ వరస కూడా దానికి తెలిసుండాలి, లేదా మీరు నేర్పించాలి.

నెట్, కరెంటు. ఇది మనవైపు వాళ్లకి నిజంగా లెక్కలోకి వచ్చే విషయం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకల్లో నెట్ మాట దేవుడెరుగు, ఊరు దాటడానికే పడవ కావాల్సి వచ్చింది. అంత పెద్ద వరద ఏటా రాకపోయినా ఈదురుగాలికి కరెంటు పోవడం, ఫైబర్ తెగడం మామూలే. గ్రీన్ స్క్రీన్ (ఈ మెషీన్ పాత టెర్మినల్ తెర) సెషన్ మధ్యలో తెగితే ఎస్ఈయూ రికవరీ ఇస్తుంది నిజమే, కానీ లైన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. సోర్స్ మొత్తం చరిత్రతో సహా ల్యాప్‌టాప్‌లో ఉంటే చదవడం, మార్చడం, కమిట్ చేయడం (మార్పుని చరిత్రలో నమోదు చేయడం) ఆగవు, కంపైల్ ఒక్కటే ఆగుతుంది.

ఆడిట్. ఎవరు మార్చారు, ఎవరు ఒప్పుకున్నారు, మార్చిన మనిషే ప్రొడక్షన్‌లోకి నెట్టాడా అని అడిగేవాళ్లు ఉన్నారా లేదా. అమెరికా లిస్టెడ్ కంపెనీ క్లయింట్ అయితే తప్పకుండా ఉంటారు.

ఇక డబ్బు, సిస్టమ్‌లో మీకున్న అథారిటీ, టీములో మనుషుల అలవాట్లు. వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు, ప్రతి ఆప్షన్ దగ్గరా ఎలాగూ వస్తాయి.

## ఆప్షన్ 1: ఉన్నట్టే, మెంబర్ కాపీలతో

లైబ్రరీకి ఒక బ్యాకప్ లైబ్రరీ, మార్చే ముందు మెంబర్‌ని చివర ఓల్డ్ అనో ఒకటి అనో పెట్టి కాపీ కొట్టడం, మార్చిన లైన్లకి ముందు అయిదు కాలమ్స్‌లో మన ఇనీషియల్స్‌తో ట్యాగు, పాత లైన్లు కామెంట్ చేసి వదిలేయడం. ఈ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయను. ట్యాగు వల్ల ఈ లైను ఏ రిక్వెస్ట్ కోసం మారిందో సోర్స్‌లోనే కనిపిస్తుంది, లైన్ పక్కన తేదీ కూడా ఉంటుంది, దానికి ఏ టూలూ అక్కర్లేదు. "కామెంట్ తీసేస్తే రేపొచ్చేవాడికి ఎలా తెలుస్తుందయ్యా" అని సీనియర్లు అడిగేదాంట్లో న్యాయం ఉంది.

కానీ ఏళ్లు గడిచేకొద్దీ మూడొందల లైన్ల ప్రోగ్రాం రెండు వేల లైన్లవుతుంది, అందులో బతికున్న కోడ్ ఏదో వెతుక్కోవాలి. ఎస్ఈయూలో చూపించే తేదీ ఆ లైను చివరిసారి ఎప్పుడు మారిందో చెప్తుంది గానీ అంతకుముందు ఏముందో చెప్పదు. తీసేసిన లైనుకైతే అసలు ఆనవాలే ఉండదు. సోర్స్ ఫైల్ మీద జర్నల్ మొదలెడితే ప్రతి మార్పూ రికార్డవుతుంది కదా అని కొందరు అంటారు, అవుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో తేల్చడానికి పనికొస్తుంది, కానీ దాంట్లోంచి పోయిన నెల నాటి ప్రోగ్రాం మొత్తం బయటికి తీయడం మనిషి రోజూ చేసే పని కాదు.

ఒక్కరే చూసుకునే చిన్న సిస్టమ్, ఏడాదికి నాలుగైదు మార్పులు, ఇంకో రెండేళ్లలో వేరే ప్యాకేజీకి వెళ్లిపోతున్నారు అనుకుంటే ఇలాగే ఉండండి. అప్పుడు కూడా లైవ్‌కి వెళ్లే ముందు సోర్స్, ఆబ్జెక్ట్ కలిపి ఒక సేవ్ ఫైల్లో (బ్యాకప్ దాచే ఫైల్) పెట్టుకోండి, విడివిడిగా వద్దు.

## ఆప్షన్ 2: డబ్బు పెట్టి చేంజ్ మేనేజ్‌మెంట్ టూల్

టర్నోవర్, రాకెట్ వాళ్ల చేతిలో ఉన్న ఆల్డన్, ఆర్కాడ్, మిడ్‌రేంజ్ డైనమిక్స్ వాళ్ల ఎండీసీఎంఎస్, రిమెయిన్ వాళ్ల టీడీ ఓఎంఎస్, ఇలాంటివి. ఇవి ఈ మెషీన్ కోసమే పుట్టినవి కాబట్టి పైన చెప్పిన డీడీఎస్ బాధ వీటికి తెలుసు. మెంబర్ చెక్అవుట్ చేస్తారు, మారుస్తారు, డెవలప్‌మెంట్ నుంచి టెస్ట్‌కి, టెస్ట్ నుంచి ప్రొడక్షన్‌కి ప్రమోట్ చేస్తారు, దారిలో ఏ ఫైల్ మారితే ఏ ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ అవ్వాలో అదే చూసుకుంటుంది, ఫైల్లో డేటా పోకుండా మార్చుతుంది, ఎవరు అప్రూవ్ చేశారో రాసుకుంటుంది. సోర్స్, ఆబ్జెక్ట్ కలిసే కదులుతాయి. నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి అన్నిటికంటే గట్టి జవాబు ఇదే, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. లైసెన్స్ ఖర్చు చిన్న షాపుల్ని భయపెడుతుంది, సెటప్ చేయడానికి తెలిసిన మనిషి కావాలి. చాలాచోట్ల టూల్ ఉంటుంది గానీ దాన్ని పాతికేళ్ల క్రితం పెట్టినాయన రిటైరయ్యాక రూల్స్ ఎవరికీ అర్థం కాక, అర్జెంటు పనులన్నీ టూల్ బయటే జరుగుతుంటాయి. అలా జరిగితే టూల్ లేనిదానికంటే ప్రమాదం, ఎందుకంటే రికార్డు నిజమని అందరూ నమ్ముతారు. ఇంకోటి, పాత పద్ధతిలో ఇవి చెక్అవుట్ తాళం మీద నడుస్తాయి, ఒకే ప్రోగ్రాం మీద రెండు ప్రాజెక్టులు ఒకేసారి నడవాలంటే ఒకరు ఆగాలి లేదా గొడవ పరిష్కరించుకోవాలి. ఇప్పుడు వీటిలో చాలావాటికి గిట్‌తో కలిసి పనిచేసే దారి కూడా వచ్చింది, అంటే హిస్టరీ, బ్రాంచులు గిట్‌లో, బిల్డ్, ప్రమోషన్ టూల్ చేతిలో. పెద్ద టీముకి అదే బాగుంటుంది.

## ఆప్షన్ 3: గిట్ మిర్రర్

పని అంతా మెంబర్లలోనే, ఎవరి అలవాటూ మారదు. రాత్రి ఒక జాబ్ ప్రొడక్షన్ సోర్స్ మెంబర్లన్నిటినీ ఐఎఫ్ఎస్‌లో (ఈ మెషీన్‌లోనే మామూలు ఫోల్డర్లు, ఫైళ్లు ఉండే భాగం) టెక్స్ట్ ఫైళ్లుగా దించి, తేడా ఉన్నవి గిట్‌లో కమిట్ చేస్తుంది. మెంబర్‌ని స్ట్రీమ్ ఫైల్‌గా దించడానికి సీపీవైటీఓఎస్‌టీఎంఎఫ్ కమాండ్ సిస్టమ్‌తోనే వస్తుంది, గిట్‌ని ఐబీఎం వాళ్ల యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్ సాఫ్ట్‌వేర్లో ఓపెన్ సోర్స్ ప్యాకేజీల మెనూ నుంచి దించుకోవచ్చు, లైసెన్స్ డబ్బు లేదు. గిట్ నడిచేది పేస్ అనే యూనిక్స్ తరహా ఎన్విరాన్‌మెంట్‌లో, క్యూసిస్ (ఈ మెషీన్ అసలు ఫైల్ సిస్టమ్) లైబ్రరీల్లోని మెంబర్ల మీద నేరుగా నడవదు, అందుకే ఈ దించడం.

దీంతో వచ్చేది ఏంటంటే, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అన్నది మొత్తం సిస్టమ్ మీద ఒక్క చోట కనిపిస్తుంది. చెప్పకుండా ఎవరో మార్చిన సీఎల్ (కమాండ్లతో రాసే ప్రోగ్రాం) కూడా పొద్దున్నే బయటపడుతుంది. రానిది ఏంటంటే, ఎందుకు మారిందో రాదు, ఎందుకంటే కమిట్ చేసింది మనిషి కాదు జాబు. ఒకే రోజు మూడుసార్లు మారితే ఆఖరుదే దక్కుతుంది. బ్రాంచులు కుదరవు. ఆబ్జెక్ట్ ముడి కూడా తేదీ పట్టుకుని వెతుక్కోవాల్సిందే.

అయినా సరే, ఏదీ లేని చోట నేను మొదట పెట్టమనేది ఇదే. సీనియర్లని ఒప్పించే పని లేదు, ప్రొడక్షన్‌కి ముప్పు లేదు, నచ్చకపోతే జాబ్ ఆపేస్తే చాలు. మొదటి వారంలోనే ఎవరికో ఒకరికి పాత వెర్షన్ అవసరం పడుతుంది, అప్పుడు వాళ్లే వచ్చి తర్వాతి మెట్టు గురించి అడుగుతారు.

## ఆప్షన్ 4: గిట్ పూర్తిగా, మెంబర్లు వదిలేసి

సోర్స్ అసలు స్థానం గిట్ రిపో, అంటే చరిత్రతో సహా సోర్స్ ఉండే చోటు. డెవలపర్ తన ల్యాప్‌టాప్‌లోనో ఐఎఫ్ఎస్‌లోని తన ఫోల్డర్లోనో క్లోన్ (పూర్తి కాపీ) చేసుకుని, వీఎస్ కోడ్ ఎడిటర్లో కోడ్ ఫర్ ఐబీఎం ఐ ఎక్స్‌టెన్షన్‌తోనో, కంపెనీ లైసెన్స్ కొంటే ఆర్డీఐ అనే ఐబీఎం ఎడిటర్‌తోనో పనిచేస్తారు. ఆర్పీజీ కంపైల్ కమాండ్లు ఐఎఫ్ఎస్ ఫైల్‌ని నేరుగా తీసుకుంటాయి. డీడీఎస్‌కి మాత్రం ఆ సౌకర్యం లేదు, దాన్ని కంపైల్ టైముకి ఒక తాత్కాలిక మెంబర్లోకి కాపీ చేసి చేయాలి. ఆ కాపీ చేయడం, ఏది ముందు ఏది వెనక అన్న వరస చూసుకోవడం మనం చేత్తో చేస్తే నెల తిరక్కుండానే విసుగొస్తుంది, అందుకే బాబ్ అనే ఓపెన్ సోర్స్ బిల్డ్ టూల్ ఉంది, దాన్నే ఇప్పుడు టోబీ అంటున్నారు. ఏ ఆబ్జెక్ట్ దేని మీద ఆధారపడిందో రూల్స్ ఫైల్లో రాస్తే, మారినదానికి సంబంధించినవే వరసలో కంపైల్ చేస్తుంది.

లాభాలు తెలిసినవే, ప్రాజెక్ట్ ఒక బ్రాంచ్‌లో, అర్జెంట్ ఫిక్స్ ఇంకో బ్రాంచ్‌లో, మెర్జ్ చేసేటప్పుడు ఆ ఫిక్స్ ఎగిరిపోదు, రెండూ ఒకే లైన్ మీద పడితే గిట్ ఆపి మరీ అడుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి గిట్ కాలేజీలోనే తెలుసు, వాళ్లకి పీడీఎం నేర్పడం కంటే ఇది తొందరగా అవుతుంది. ట్యాగులు, పాత కామెంట్ లైన్లు నిర్భయంగా తీసేయొచ్చు.

అయితే ఆబ్జెక్ట్ ముడి దానంతట అది రాదండి, ఇది చాలామంది మర్చిపోతారు. గిట్‌లో అంతా చక్కగా ఉంటుంది, ప్రొడక్షన్ ప్రోగ్రాం మాత్రం ఎవరో తన ఫోల్డర్లో కమిట్ చేయని కోడ్ నుంచి కంపైల్ చేసి పెట్టినది అయ్యుంటుంది. అందుకు రెండు నియమాలు. ప్రొడక్షన్‌కి వెళ్లేది ఎప్పుడూ మెయిన్ బ్రాంచ్ తాజా క్లోన్ నుంచి, బిల్డ్ జాబ్ చేసినదే అయ్యుండాలి, మనిషి చేత్తో చేసింది కాకూడదు. ఆ బిల్డ్ జాబే ఆబ్జెక్ట్ టెక్స్ట్‌లో కమిట్ నంబర్ మొదటి ఏడు అక్షరాలూ రాసేయాలి, టెక్స్ట్‌కి 50 అక్షరాల చోటుంది కాబట్టి అసలు వివరణ కూడా పడుతుంది. ఆర్పీజీలో అయితే కంట్రోల్ ఆప్షన్‌లో కాపీరైట్ కీవర్డ్‌లో పెట్టినా ఆ మాట ప్రోగ్రాం లోపలే ఉండిపోయి డీఎస్పీపీజీఎంలో కనిపిస్తుంది. ఇంత చిన్న పనితో గిట్ కూడా పెయిడ్ టూల్ ఇచ్చే జవాబు ఇస్తుంది.

ఇంకో సంగతి, వెనక్కి రావడం కష్టం. మామూలు సోర్స్ ఫైల్ 92 పొడవుతో చేస్తే టెక్స్ట్‌కి 80 అక్షరాలే చోటు, ఆర్పీజీకి 112 పెడితే 100. 2015లో వచ్చిన ఆర్పీజీ పూర్తి ఫ్రీ ఫార్మ్‌లో (కాలమ్ నియమాలు లేని పద్ధతి) ఐఎఫ్ఎస్‌లో పొడుగు లైన్లు రాయడం అలవాటైపోయాక మళ్లీ మెంబర్లకి కాపీ చేస్తే చివర తెగిపోతుంది. కాబట్టి ఆరునెలలు చూద్దాం అనుకునేవాళ్లు లైన్ పొడవు 100 దాటనివ్వకండి.

సబ్‌వెర్షన్ అనే ఇంకో వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ గురించి కూడా కొందరు అడుగుతారు. ఇప్పటికే అందులో ఉండి బాగానే నడుస్తుంటే కదపక్కర్లేదు. కొత్తగా మొదలెట్టేవాళ్లకి మాత్రం వద్దు, ఈ మెషీన్ చుట్టూ కొత్తగా వస్తున్న టూల్స్ గిట్‌నే చూస్తున్నాయి, పైగా నెట్ లేనప్పుడు అందులో కమిట్ అవ్వదు.

## పక్కపక్కన పెడితే

| చూసేది | మెంబర్ కాపీలు | పెయిడ్ టూల్ | గిట్ మిర్రర్ | గిట్ పూర్తిగా |
|---|---|---|---|---|
| ఆబ్జెక్ట్ ఏ సోర్స్‌ది | మనిషికి గుర్తుంటేనే | టూలే చూపిస్తుంది | తేదీలు పోల్చుకోవాలి | బిల్డ్ నియమం పాటిస్తే పక్కా |
| ఇద్దరు ఒకే ప్రోగ్రాం | ఒకరిది పోయే ప్రమాదం | తాళం, ఒకరు ఆగాలి | మార్పు లేదు | బ్రాంచ్, మెర్జ్ |
| డీడీఎస్ వరస | చేత్తో | టూల్ చూస్తుంది | చేత్తో | రూల్స్ ఫైల్ రాయాలి |
| నెట్ లేనప్పుడు | ఆగిపోవడమే | ఆగిపోవడమే | పాతది చదువుకోవచ్చు | కంపైల్ తప్ప అన్నీ |
| ఆడిట్ | కష్టం | బలం | ఏం మారిందో వరకే | అప్రూవల్ సెటప్ చేస్తే చాలు |
| ఖర్చు | లేదు | ఎక్కువ | జాబ్ రాసే పని | నేర్చుకునే కాలం |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ముగ్గురు నలుగురు ఉన్న టీమ్, ఆడిట్ ఒత్తిడి లేదు, మార్పులు వారం వారం ఉంటాయి అంటే మిర్రర్‌తో మొదలెట్టి గిట్ పూర్తిగా వైపు నడవండి. ఒకేసారి అంతా మార్చొద్దు. కొత్తగా రాసే ఆర్పీజీ ముందు గిట్‌లోకి, తర్వాత ఎప్పుడు ఏ ప్రోగ్రాం ముట్టుకుంటే అది, డీడీఎస్ ఆఖర్న. మధ్యకాలంలో ఏ ప్రోగ్రాం ఎక్కడుందో తెలియక గందరగోళం రాకుండా, గిట్‌కి వెళ్లిన మెంబర్‌ని పాత ఫైల్ నుంచి తీసేసి చదవడానికి మాత్రమే అథారిటీ ఉన్న వేరే లైబ్రరీకి మార్చేయండి. రెండు చోట్లా బతికున్న సోర్స్ ఉండటమంత చేటు ఇంకోటి లేదు.

బ్యాంకు, ఇన్సూరెన్స్, లిస్టెడ్ కంపెనీ అయితే పెయిడ్ టూల్ ఉండాలి, వీలైతే గిట్‌తో కలిపి. గిట్‌లోనే అప్రూవల్ పెట్టుకోవచ్చు కదా అంటే పెట్టుకోవచ్చు, కానీ ప్రొడక్షన్ లైబ్రరీల మీద డెవలపర్లకి రాసే అథారిటీ ఉన్నంతకాలం ఆ అప్రూవల్‌కి ఆడిటర్ విలువివ్వరు. ముందు అథారిటీ తీసేయండి, టూల్ తర్వాత.

వెండర్ తరఫున పనిచేస్తూ సిస్టమ్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేసే హక్కు లేనివాళ్లు మన దగ్గర చాలామంది. మీ ల్యాప్‌టాప్‌లో లోకల్‌గా గిట్ పెట్టుకోవడం కూడా క్లయింట్ ఒప్పుకుంటేనే, రాతపూర్వకంగా అడిగి మరీ చేయండి. క్లయింట్ సోర్స్‌ని సొంత గిట్‌హబ్ అకౌంట్‌లో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ప్రైవేట్ రిపో అయినా సరే, ఉద్యోగం పోయేంత విషయం అది.

ఇప్పుడే చదువైపోయి ఈ ఫీల్డులోకి రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు పబ్ 400 అనే ఉచిత ఐబీఎం ఐ సర్వర్లో అకౌంట్ తీసుకుని, ఒక చిన్న ఫిజికల్ ఫైల్, ఒక డిస్‌ప్లే ఫైల్, ఒక ఆర్పీజీ ప్రోగ్రాం గిట్‌లో పెట్టి బిల్డ్ చేసి చూడండి. గ్రీన్ స్క్రీన్, గిట్ రెండూ చేత్తో చేసినవాళ్లు తక్కువ, ఇంటర్వ్యూలో అదే చెప్పుకోవచ్చు.

## మార్చేటప్పుడు దెబ్బకొట్టేవి

మన డెల్టాలో రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసి, నీళ్లు లేని ఆ ఎండల్లోనే పూడిక తీసి లాకులు బాగుచేస్తారు కదా, సోర్స్ తరలింపు కూడా అలా ప్రొడక్షన్ ఫ్రీజ్ ఉన్న రోజుల్లోనే పెట్టుకోవాలి, ఎడిట్లు నడుస్తుండగా కాదు.

కామెంట్లకి రంగు రావాలని సీనియర్లు సోర్స్ లైన్ల ముందు కనిపించని హెక్స్ అక్షరాలు పెట్టుంటారు. హెక్స్ 20 నుంచి 3ఎఫ్ దాకా ఉన్న ఈ అక్షరాలు గ్రీన్ స్క్రీన్‌లో రంగు, కానీ టెక్స్ట్‌గా దించితే చెత్త. అందులో 25 మరీ ప్రమాదం, ఈ మెషీన్ అక్షరాల కోడ్ అయిన ఎబ్‌సిడిక్‌లో అది లైన్ ఫీడ్ (కొత్త లైన్ గుర్తు), దించగానే ఒక కామెంట్ లైను రెండై రెండో సగం కోడ్ అనుకుని కంపైలర్ తిట్టడం మొదలెడుతుంది. దించే ముందే వీటిని ఖాళీలుగా మార్చేయండి.

సీసీఎస్ఐడీ, అంటే ఫైల్ ఏ అక్షరాల కోడ్‌లో ఉందో చెప్పే నంబరు, దాని సంగతి ఇంకోటి. ఆర్పీజీ పేర్లలో వాడే డాలర్, హ్యాష్, ఎట్ గుర్తులు ఎబ్‌సిడిక్ కోడ్ పేజీని బట్టి మారతాయి. అమెరికా 37లో ఎట్ గుర్తు ఉన్న చోట జర్మనీ 273లో వేరే గుర్తు ఉంటుంది. దించేటప్పుడు సోర్స్ ఫైల్ సీసీఎస్ఐడీ సరిగ్గా ఉందో చూసి, 1208కి అంటే యూటీఎఫ్ 8కి మార్చి, లైన్ చివర ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్) మాత్రమే పెట్టండి. సీసీఎస్ఐడీ 65535 అని, అంటే ఏ కోడో చెప్పకుండా, కనిపిస్తే అక్కడే ఆగి ముందు దాన్ని సరిచేయండి.

ఫిక్స్‌డ్ ఫార్మాట్ ఆర్పీజీలో కాలమ్ జరిగితే అర్థమే మారుతుంది, కాబట్టి ఎడిటర్లో ట్యాబ్ నొక్కితే ఖాళీలు పడేలా టీమ్ అంతటికీ ఒకే సెట్టింగ్ పెట్టండి. లైన్ పక్కన తేదీలు మాత్రం గిట్‌కి రావు, పోతాయి. పాత సోర్స్ ఫైళ్లు మొత్తం ఒక సేవ్ ఫైల్లో దాచి, చదవడానికి మాత్రమే ఒక కాపీ ఉంచండి, ఒక ఏడాది దాకా ఎవరో ఒకరు ఆ తేదీల కోసం వెతుకుతారు.

మెంబర్ దొరకని ఆబ్జెక్టులు తేలితే కంగారొద్దు. ప్రోగ్రాంని లిస్ట్ డీబగ్ వ్యూతో కంపైల్ చేసుంటే కంపైల్ లిస్టింగ్ ఆబ్జెక్టులోనే ఉంటుంది, దాంట్లోంచి సోర్స్ వెనక్కి తీయొచ్చు. సీఎల్ అయితే ఆర్టీవీసీఎల్ఎస్ఆర్‌సీ కమాండ్, సోర్స్ తీయడానికి అనుమతించి కంపైల్ చేసినదైతే చాలు.

రిపో ఎక్కడ పెట్టాలి అన్నది క్లయింట్ పాలసీ ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ, గిట్‌హబ్ అయినా, సొంత సర్వర్లో గిట్‌ల్యాబ్ అయినా పర్లేదు. డబ్బు, అనుమతి రెండూ లేకపోతే అదే ఏఎస్ 400 ఐఎఫ్ఎస్‌లో ఒక బేర్ రిపో (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే రిపో) పెట్టి ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన కనెక్షన్ మీద వాడుకోవచ్చు, చిన్న టీముకి అది చాలు. కాకపోతే మెంబర్ల కాలంలో లైబ్రరీ బ్యాకప్ అయితే సోర్స్ కూడా బ్యాకప్ అయిపోయేది. ఎస్ఏవీఎల్ఐబీ ఐఎఫ్ఎస్‌ని ముట్టుకోదు, దానికి ఎస్ఏవీ కమాండ్ వేరే ఉంది. రిపో ఐఎఫ్ఎస్‌లో పెట్టిన రోజే రాత్రి బ్యాకప్ జాబ్ తెరిచి ఆ ఫోల్డర్ చేర్చండి, తర్వాత ఒకసారి టేప్ నుంచి వేరే ఫోల్డర్లోకి రీస్టోర్ చేసి, అందులోంచి క్లోన్ వస్తుందో లేదో చూసుకోండి.